జపం గుండెకు ఏం చేస్తుంది, ఏం చేయదు: మా పెనుబల్లి పెద్దమ్మ విషయంలో నేను నేర్చుకున్నది

ఈ వారం వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నా. వాటికంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మూడేళ్ల కింద కార్తీక మాసంలో ధ్యానం మీద ఒక వీడియో చేశాను. అందులో "రోజూ అరగంట జపం చేసేవాళ్ల గుండెకు ఏ ఢోకా ఉండదు" అన్నాను. ఎక్కడో చదివి అన్న మాట కాదు, చెప్పే ఊపులో వచ్చేసింది. థంబ్‌నెయిల్ మీద కూడా అదే పెట్టాం. బాగా షేర్ అయింది. అలా షేర్ చేసినవాళ్లలో మా పెద్దమ్మ కూడా ఉంది.

మాది ఖమ్మం జిల్లా పెనుబల్లి వైపు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కల్లూరు దాటి సత్తుపల్లి వెళ్లే రోడ్డు మీద వస్తుంది. మామిడి తోటలు, పామాయిల్ తోటలు, ఇంకాస్త లోపలికి వెళ్తే అడవి. ఆ అడవిలోనే నీలాద్రీశ్వరుడి గుడి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. పెద్దమ్మకి యాభై ఆరేళ్లు. పొద్దున నాలుగింటికి లేస్తుంది. రెండు గేదెలు, కట్టెల పొయ్యి మీద నీళ్లు, తోటకి వెళ్లే పెదనాన్నకి క్యారేజీ, పక్షవాతంతో మంచాన ఉన్న మామగారికి అన్నీ తనే. ఆయన రాత్రి రెండుసార్లు పిలుస్తాడు, రెండుసార్లూ లేస్తుంది. ఇన్ని పనుల మధ్య తులసి కోట దగ్గర కూర్చుని పంచాక్షరి జపం చేసుకుంటుంది. సోమవారం ఉపవాసం.

పోయిన శివరాత్రికి ఉపవాసం ఉండి, జాగారం చేసి, తెల్లవారాక ఇంటికొచ్చింది. దవడ లాగుతోంది, వీపు మధ్యలో బరువుగా ఉంది, చెమటలు, వాంతి వచ్చేలా ఉంది. ఖాళీ కడుపు, గ్యాస్ అనుకుంది. వాము నమిలింది, సోడా తాగింది. తగ్గలేదు. అప్పుడు జపానికి కూర్చుంది. మధ్యాహ్నం ఒక ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. "ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగాడట. ఛాతీలో లేదు కాబట్టి లేదంది. మర్నాడు సాయంత్రం బాత్‌రూమ్ దాకా నడిస్తేనే ఆయాసం వస్తుంటే కోడలు భయపడి 108కి ఫోన్ చేసింది. ఖమ్మంలో ఈసీజీ తీశారు, స్టెంట్ వేశారు. ప్రాణం దక్కింది. కానీ అప్పటికి ముప్పై గంటలు దాటిపోయాయి. రక్తం అందక చచ్చిపోయిన కండరం తిరిగి రాదు. ఇప్పుడు ఆమె గుండె పంపింగ్ తగ్గింది. మెట్లెక్కితే ఆగాలి.

నేను చూడటానికి వెళ్తే మంచం మీద నుంచి నవ్వుతూ అంది: "ఏరా అబ్బాయ్, నువ్వే కదా జపం చేస్తే గుండెకేం కాదన్నావు. అందుకే నేను గుండె సంగతే అనుకోలా."

నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రే వీడియో తీసేశాను. ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినంత చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. జపం, ధ్యానం గుండెకు ఏమీ చేయవని చెప్పడానికి ఈ పోస్టు రాయడం లేదు. చేస్తాయి. ఎంతవరకు చేస్తాయో సరిగ్గా తెలియాలి.

ముందు స్ట్రెస్ సంగతి. "అంతా నీ మనసులోనే ఉంది" అంటుంటారు కదా, ఆడవాళ్లకి మరీ ఎక్కువ చెప్తారు. మనసులో మొదలైంది ఒంట్లోకి ఎలా దిగుతుందో 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. 293 మందికి మెదడు స్కాన్ చేసి, కొన్నేళ్లు గమనించారు. మెదడులో అమిగ్డలా అని బాదం గింజంత భాగం ఉంటుంది, భయానికి కాపలాదారు లాంటిది. అది ఎవరిలో ఎక్కువగా రగులుతోందో వాళ్లలో ఎముక మజ్జ కూడా చురుగ్గా ఉంది, రక్తనాళాల గోడల్లో వాపు ఎక్కువగా ఉంది, తర్వాత గుండెపోట్లు, స్ట్రోకులు వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అంటే ఎవరో ఏదో అన్నారని రాత్రంతా నిద్ర పట్టకపోవడం ఒక్క మనసుతో ఆగిపోయే విషయం కాదు.

అంతకుముందే 2004లో ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. 52 దేశాలు, గుండెపోటు వచ్చిన పదిహేను వేల మందికి పైగా రోగులు. గుండెపోటుకు దారితీసే తొమ్మిది ముఖ్య కారణాలు తేల్చారు. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు వంటి వాటితో పాటు మానసిక ఒత్తిడీ ఆ జాబితాలో ఉంది. ఆడవాళ్లలో గుండెపోటు ముప్పులో 94 శాతాన్ని ఈ తొమ్మిదే వివరించాయి. ఇంకో విషయం, మన దక్షిణాసియా వాళ్లకు మిగతా వాళ్లకంటే చిన్న వయసులోనే వచ్చింది.

"అవన్నీ సిటీ జబ్బులు, పల్లెలో పని చేసుకునేవాళ్లకి ఎందుకొస్తాయి?" అని నేనూ అనుకునేవాణ్ణి. మా పెనుబల్లి నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట దాటితే గోదావరి జిల్లాలు. అక్కడ తూర్పు, పశ్చిమ గోదావరిలోని 45 పల్లెల్లో 2003-04లో ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి కారణం, 32 శాతం. అంటురోగాలు 12 శాతం. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది, పక్కా పల్లెటూళ్ల మాట.

ఇక ఆడవాళ్ల గుండె. ప్రపంచంలో ఆడవాళ్ల మరణాల్లో మూడో వంతుకు పైగా, 2019 లెక్కల్లో 35 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అయినా గుండెపోటు అనగానే సినిమాల్లో ఛాతీ పట్టుకుని పడిపోయే మగవాడే మన కళ్ల ముందుకొస్తాడు. ఆడవాళ్లలో కూడా ఛాతీలో బరువు, నొప్పి ఉండేదే ఎక్కువ. కానీ దానితో పాటు, కొన్నిసార్లు అది లేకుండానే, దవడ, మెడ, వీపు పైభాగం, భుజాలు లాగడం, ఆయాసం, వికారం, చల్లటి చెమటలు, ఎన్నడూ లేని నీరసం వస్తాయి. ఇవన్నీ మన ఇళ్లలో గ్యాస్, నడుం నొప్పి, "పనెక్కువైంది" అనే మూడు మాటల్లో కలిసిపోతాయి.

అమెరికాలో 1996లో మొదలైన వైజ్ అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. ఛాతీ నొప్పితో వచ్చిన చాలామంది ఆడవాళ్లకు యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాకులేవీ కనపడవు. అయినా జబ్బు ఉంటుంది, గుండె కండరంలోని సన్నటి నాళాల్లో. "రిపోర్టు నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తే సరిపోదన్నమాట. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ వాళ్లు గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్ల చేత నలుగురి ముందు మాట్లాడించి, ఆ ఒత్తిడిలో గుండెకు రక్తం ఎలా అందుతోందో చూశారు. యాభై ఏళ్లలోపు ఆడవాళ్లలో రక్తం తగ్గడం అదే వయసు మగవాళ్ల కంటే దాదాపు రెండింతలు కనిపించింది.

తకోత్సుబో పేరు వినే ఉంటారు. 1990లో జపాన్ డాక్టర్లు పెట్టిన పేరు, ఆక్టోపస్‌ను పట్టే కుండ అని అర్థం. దగ్గరివాళ్లు పోయినప్పుడో, పెద్ద షాక్ తగిలినప్పుడో గుండె ఎడమ గది ఆ కుండలా ఉబ్బి బలహీనపడుతుంది. గుండెపోటులాగే ఉంటుంది, కానీ బ్లాకు ఉండదు. ఇది వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే, ఎక్కువగా నెలసరి ఆగిపోయిన వయసువాళ్లు. "గుండె పగిలింది" అని మనవాళ్లు ఊరికే అనలేదు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు కూడా.

సరే, మరి ధ్యానం ఏం చేస్తుంది? మన ఛానెల్ చూసేవాళ్లకు ఇక్కడ ఒక మంచి వార్త ఉంది.

2001 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ డాక్టర్ లుచానో బెర్నార్డి బృందం ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత ఒకసారి క్రైస్తవ జపమాల ప్రార్థన లాటిన్‌లో చెప్పించారు, ఇంకోసారి "ఓం మణి పద్మే ఓం" మంత్రం చెప్పించారు. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. ఈ రెండింటిలో ఏది చెప్పినా, ఎవరూ చెప్పకుండానే, ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా దిగింది. ఆ వేగంలో ఊపిరి, గుండె కొట్టుకోవడం, బీపీలో సహజంగా వచ్చే అలలు, ఈ మూడూ ఒకే లయలో పడతాయి. మెడలో పెద్ద రక్తనాళాల దగ్గర బీపీని కొలిచే సహజమైన సెన్సర్లు ఉంటాయి. బీపీ పెరిగితే గుండెను నెమ్మదించమని, తగ్గితే వేగం పెంచమని అవే చెప్తాయి. జపం చేస్తున్నంత సేపూ ఆ సెన్సర్లు ఇంకా చురుగ్గా పనిచేశాయి.

మన మంత్రమే గొప్పదని నిరూపణ అయిందని దీన్ని చూపించకండి, ప్లీజ్. రెండు ప్రార్థనలూ ఒకేలా పనిచేశాయి. శరీరం వరకు పనిచేసింది ఊపిరి లయ. మంత్రం మనసుకు, నమ్మకానికి ఇచ్చేది వేరే, దాన్ని మిషన్‌తో కొలవక్కర్లేదు.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు యాప్‌లలో వస్తున్నది 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో మసాచుసెట్స్ మెడికల్ స్కూల్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల కోర్సు నుంచి వచ్చింది. బౌద్ధ ధ్యానం, యోగా నుంచి తీసుకుని ఆసుపత్రి భాషలో చెప్పాడు. తెలుగులో దానికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది, ఎరుక. మా వైపు "ఎరుకేనా?" అంటే "తెలుసా?" అని. ఇప్పుడు ఊపిరి ఎలా ఉంది, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది, మనసు ఎటు పోతోంది అని తెలుసుకుంటూ ఉండటమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇక ధ్యానం చేయనిది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి ఒక ప్రకటన ఇచ్చింది. ధ్యానం వల్ల గుండె జబ్బు ముప్పు తగ్గే అవకాశం ఉంది, కానీ ఆధారాలు ఇంకా గట్టిగా లేవు, మందులు, మిగతా వైద్యంతో పాటు చేసుకోవచ్చు, వాటి బదులు కాదు అని. మన దేశంలోనే యోగా-కేర్ అని పెద్ద ట్రయల్ జరిగింది. 24 ఆసుపత్రులు, గుండెపోటు వచ్చిన 3,959 మంది. కొందరికి మామూలు సలహాలు, కొందరికి ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్పారు. 2020లో ఫలితాలు వచ్చాయి. యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందన్నారు, పాత పనుల్లోకి బాగా తిరిగి వెళ్లారు. కానీ మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని మాత్రం తేలలేదు. అందులో కూడా ఎక్కువమంది మగవాళ్లే. "ఏ ఢోకా ఉండదు" అని నేను కెమెరా ముందు అన్నప్పటికి ఇందులో ఏదీ చదవలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కుదిపింది. భగవద్గీత ఆరో అధ్యాయం ధ్యానం గురించే కదా. మనసు గాలిలా పట్టు చిక్కదని అర్జునుడు అనడం, అభ్యాసంతో, వైరాగ్యంతో చిక్కుతుందని కృష్ణుడు చెప్పడం మనం చాలాసార్లు చెప్పుకున్నాం. అదే అధ్యాయంలో దానికంటే ముందు కృష్ణుడు ఒక షరతు పెడతాడు. మరీ ఎక్కువ తినేవాడికి, అసలు తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, నిద్రే లేనివాడికి యోగం కుదరదని. తిండి, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉండాలని. మా పెద్దమ్మ నాలుగు గంటలు నిద్రపోతుంది. అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. ఆమెను ధ్యానం చేయమని చెప్పే ముందు ఈ షరతు సంగతి ఎవరు చూడాలి? ఆమె ఒక్కతే చూసుకోగలదా?

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇంటి పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలకు, గంటన్నరకు ఉన్న తేడా అది. ఆ తేడాను అలాగే ఉంచి, "అమ్మా, స్ట్రెస్ తగ్గించుకో, ఈ యాప్ వాడు" అంటే అది ఆమెకు ఇంకో పని. నేనూ మా అమ్మ ఫోన్‌లో అలాంటి యాప్ ఒకటి వేసిచ్చినవాణ్ణే.

కట్టెల పొయ్యి కూడా చిన్న సంగతి కాదు. ఆ పొగ గుండెకు కూడా చేటే. సిలిండర్ ఉన్నా ఆదా అని నీళ్లు, దాణా పొయ్యి మీదే పెట్టే ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఎన్నో.

ఇప్పుడు మీరు చేయగలిగేది చెప్తా. మీలో చాలామంది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, ఇంకా దూరంగానో ఉంటారు, అమ్మ ఊళ్లో ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. "నేను కడుపులో ఉన్నప్పుడు నీకు బీపీ వచ్చిందా? షుగర్ వచ్చిందా?" కాన్పు సమయంలో బీపీ పెరిగి ఇబ్బంది పడినవాళ్లకు తర్వాతి రోజుల్లో గుండె జబ్బు ముప్పు సుమారు రెండింతలు. అప్పట్లో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. నెలసరి నలభై లోపే ఆగిపోయినా ముప్పే. ఇవి ఏ డాక్టరూ అడగకపోవచ్చు, అమ్మ తనంతట తాను చెప్పదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించండి. బీపీ పదే పదే 140/90 దాటుతుంటే "నాకేం తెలియట్లేదు, బాగానే ఉన్నా" అన్నా వినకండి. బీపీ తెలియదు, అదే దాని గుణం.

జపం ఎలా చేయాలి అంటారా. వెన్ను నిటారుగా, కుర్చీలో కూర్చున్నా ఫర్వాలేదు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి తీసుకోండి. ఆరు అంకెలు పట్టేంత నెమ్మదిగా, గాలి వదులుతూ మీ మంత్రం ఒక్కసారి అనండి. మొత్తం పది సెకన్లు. నిమిషానికి ఆరు. 108 సార్లు పూర్తవ్వాలంటే పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో మాల తిప్పేస్తే పుణ్యం సంగతి నాకు తెలీదు కానీ ఊపిరి మాత్రం ఆ లయకు రాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే కుంభకాలు డాక్టర్‌ని అడగకుండా చేయొద్దు. కళ్లు తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. భయాలు, పాత బాధలు తవ్వుకొచ్చి ఇంకా ఎక్కువైతే కూడా ఆపండి. అలా కొందరికి అవుతుంది, మీ భక్తిలో లోపం కాదది.

ఎరుక దగ్గరికి మళ్లీ వస్తానన్నా కదా. పెద్దమ్మ ఆ రోజు జపంలో చేసిందేమిటంటే, దవడ లాగుతున్నా మనసును దాని మీద నుంచి తిప్పి మంత్రం మీద పెట్టింది. ఇరవై ఏళ్ల సాధన మరి, తిప్పగలిగింది. ఎరుక అంటే నొప్పిని పక్కకి నెట్టడం కాదు. "ఇది కొత్తది, ఎప్పుడూ లేనిది, పోవట్లేదు" అని స్పష్టంగా చూడటం. చూశాక లేచి చెప్పాలి.

కాబట్టి ఇంట్లో ఆడవాళ్లకి, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకి, పైన చెప్పిన లక్షణాలు కొత్తగా వచ్చి ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే జపమాల పక్కన పెట్టి ఇంకో 108 గుర్తు తెచ్చుకోండి, అంబులెన్స్ నంబరు. స్కూటీ మీద కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. ఆసుపత్రికి వెళ్లిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలనేది డాక్టర్లు పాటించే నియమం, తీయకపోతే మీరే అడగండి. మొదటి ఈసీజీ నార్మల్ వచ్చినా లక్షణాలు ఉంటే మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయమనండి. "గ్యాస్ అండీ" అని మీరే ముందు చెప్పకండి. ఏం జరుగుతోందో, ఎన్ని గంటల నుంచో చెప్పండి, పేరు వాళ్లు పెడతారు. పెద్దమ్మ "ఛాతీలో లేదు" అంది, అబద్ధం కాదు. దవడ, వీపు సంగతి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

పోయిన నెల ఊరెళ్లాను. తాతయ్యకి రాత్రి పూట లేవడం ఇప్పుడు పెదనాన్న పని. మొదటి వారం సణిగాడట. గేదెల్లో ఒకటి అమ్మేశారు, దాని గురించి పెద్దమ్మ ఇంకా బాధపడుతోంది. సోమవారం ఉపవాసం డాక్టర్ వద్దన్నాడని పండ్లు, పాలు తీసుకుంటోంది. "స్వామికి చెప్పుకున్నాలే" అంది. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని, సెకన్ల ముల్లు చూస్తూ జపం చేస్తోంది. నేను పక్కన కూర్చుంటే కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి టాబ్లెట్ల డబ్బా నా వైపు జరిపింది. అందులో పొద్దుటి అర ఖాళీగా ఉంది, చూసుకోమని.